పగడీ లెక్కకు మూడు మార్కులు

డిగ్రీ కాలేజీల్లో కామర్స్ చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. చిక్కడపల్లిలో మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అయినా రొప్పుకుంటూ ఎక్కి వచ్చి, మంచినీళ్లు తాగి, ఒకటే మాట అడుగుతారు. "సార్, కార్పొరేట్ ఫైనాన్స్ ఫస్ట్ టైమ్ చెప్తున్న. మీ నోట్స్ ఉంటే ఇస్తరా?"

నోట్స్ లేవు. ఇరవై రెండేళ్లు ఆ ఒక్క కోర్సే చెప్పాను. ఏ ఏడాది నోట్స్ ఆ ఏడాదే చించి పారేసేవాణ్ణి. నోట్స్ దాచుకున్నవాడు మూడో ఏటికల్లా పాఠం చెప్పడం మానేసి నోట్స్ చదవడం మొదలుపెడతాడు.

నేను దాచుకున్నది ఒకే ఒక్క కాగితం. అది మౌనిక అనే విద్యార్థిని రాసిన జవాబు పత్రం. దానికి నేను పదిహేనుకు మూడు మార్కులు వేశాను. ఆ అమ్మాయి రాసింది ఒప్పు. నేను దిద్దింది తప్పు. ఆ తప్పు ఒప్పుకోవాలని ఎనిమిదేళ్లు తిరిగాను. నోట్స్ అడిగే పిల్లలకు దాని బదులు ఆ కాగితం కథే ఇస్తున్నాను. మధ్యలో నా కోపాలు కొన్ని వస్తాయి, ఓర్చుకోండి.

జవాబు ముందు, లెక్క తర్వాత

నేను చదివింది ఇంటర్ వరకే. ఆ తర్వాత చిక్కడపల్లిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. బ్యాంకు లోను కోసం వచ్చేవాళ్లకు అక్కడ ప్రాజెక్టు రిపోర్టులు తయారయ్యేవి. ఒక షెడ్డు, రెండు మిషన్లు, ఐదేళ్ల అమ్మకాల అంచనా, చివర లాభం. నేను మొదటి పేజీ నుంచి టైపు చేస్తుంటే ఆడిటర్ గారు ఒకరోజు వెనక నిలబడి చూసి నవ్వాడు.

"ఏందయ్యా, ముందు నుంచి కొడ్తున్నవ్? ఆఖరి పేజీ కొట్టు ముందు. బ్యాంకాయనకు ఎంత లాభం కావాల్నో అది రాయి. అక్కడి నుంచి ఎనకకు రా."

ఏడేళ్లు అలా వెనక నుంచి ముందుకు టైపు చేశాను. ఆ ఐదేళ్ల అంచనాల్లో ఏ ఏడాదీ అమ్మకం తగ్గేది కాదు. ఏ మిషనూ చెడిపోయేది కాదు. నాకు ఆడిటర్ గారి మీద కోపం లేదు, ఆయనే నా మొదటి గురువు. అంకె కనపడగానే 'ఇది ఎక్కడి నుంచి వచ్చింది' అని అడగాలన్న బుద్ధి ఆయన అబద్ధాల దగ్గరే పుట్టింది. నిజం లెక్క ఎలా ఉంటుందో చూడాలనిపించి లైబ్రరీకి పోయాను.

అశోక్ నగర్‌లో ఇప్పుడు పోటీ పరీక్షల పిల్లలు మెట్ల మీద కూడా కూర్చుని చదువుతున్నారే, అప్పట్లో అక్కడి లైబ్రరీలో కుర్చీ దొరికేది. ఇంగ్లీషు ఫైనాన్స్ పుస్తకం ఎడమ పక్క, డిక్షనరీ కుడి పక్క. రోజుకు రెండు పేజీలు నడిచేది. 'డిస్కౌంట్ రేటు' అర్థమవడానికి నాకు నెలన్నర పట్టింది. అర్థమైన రోజున బయటికొచ్చి, చెప్పడానికి ఎవరూ లేక, టీ బండి ఆయనకు చెప్పాను. "అన్నా, ఇయ్యాల్టి రూపాయి, వచ్చే ఏడాది రూపాయి ఒకటి కాదు." ఆయన గ్లాసు కడుగుతూ, "అది మా ఆవిడకు పెండ్లికి ముందు నుంచే తెలుసు సార్" అన్నాడు. అప్పటి నుంచి, పుస్తకం నెలన్నరలో చెప్పింది వీధిలో ఎవరికి ముందే తెలుసో వెతకడం నాకు అలవాటైంది. అదే తర్వాత నా బోధన పద్ధతి అయింది. నన్ను దెబ్బ కొట్టింది కూడా అదే.

కాగితం మీద డాక్టర్ గారు

ఇలాంటి రాతల్లో ప్రమోషన్ల గురించి రాస్తారు. నాకు ఆ బెడద లేదు. నా ఉద్యోగమే కాగితం మీద లేదు.

నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉండేది. పేరు చెప్పను, ఇప్పుడది లేదు. అక్కడ ఫైనాన్స్ చెప్పే ఆయన సంవత్సరం మధ్యలో వెళ్లిపోతే, ఆడిటర్ గారి మాట మీద కరస్పాండెంట్ గారు నన్ను పిలిపించారు. గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబం, మాట మెత్తన.

"మాస్టారూ, మీకు పాఠం వచ్చని విన్నానండీ. డిగ్రీ లేదని కూడా విన్నాను. మొదటిది క్లాసులో చూపించండి, రెండోది నేను చూసుకుంటాను."

ఆయన చూసుకున్న తీరు ఇది. వేరే జిల్లాలో ఉండే పీహెచ్‌డీ ఉన్న ఒకాయన సర్టిఫికెట్లు కాలేజీ ఫైలులో ఉండేవి. కాగితం మీద కార్పొరేట్ ఫైనాన్స్ చెప్పేది ఆ డాక్టర్ గారు. క్లాసులో చెప్పేది నేను. హాజరు పట్టీలో, మార్కుల షీటులో, ఆన్సర్ షీటు కింద ఆయన పొట్టి సంతకం నేనే పెట్టేవాణ్ణి. కొన్నాళ్లకు అది ఆయన చేతికంటే నా చేతికే బాగా తిరిగేది. తప్పని తెలుసు. జీతం తెస్తున్న తప్పుకు మనసు తొందరగా సర్దుకుంటుంది.

ఏడాదికో రెండేళ్లకో ఇన్‌స్పెక్షన్ వచ్చేది. ఆ రోజు డాక్టర్ గారు బస్సు దిగి, ఇస్త్రీ చొక్కాతో నా కుర్చీలో కూర్చునేవారు. నేను రోడ్డుకు అవతల ఇరానీ హోటల్లో కూర్చునేవాణ్ణి. మొదటిసారి మెట్ల మీద ఎదురుపడితే ఆయన మర్యాదగా అడిగారు.

"మీరేం సబ్జెక్టండీ?"

"మీదే సార్" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకు తీసుకుపోయి, "ఈ ఏడాది నేనేం చెప్పానో కాస్త చెప్పండి, వాళ్లు అడుగుతారు" అన్నారు. ఆ సంవత్సరం పాఠమంతా పది నిమిషాల్లో ఆయనకు అప్పజెప్పి, రోడ్డు దాటి హోటల్లోకి వెళ్లాను. కిటికీ పక్క బల్ల. అక్కడి నుంచి రెండో అంతస్తులో మా క్లాసు కిటికీలు కనపడతాయి. నా క్లాసును బయటి నుంచి చూస్తూ ఒక పూటకు మూడు చాయ్‌లు తాగేవాణ్ణి.

కొత్తవాళ్లకు ఒక మాట. మీ పేరు లేని చోట పని చేయకండి. ఆకలికి చేయాల్సి వస్తే, ఎన్నాళ్లు చేస్తారో ముందే అనుకోండి. నేను ఒక ఏడాది అనుకున్నాను.

మొదటి గంట

అయినా, అంత కోపంలోనూ, ఇవాళ నాకు కావాల్సింది ఏమిటని అడిగితే జీతం అనను, పేరు కూడా అనను. రెండో అంతస్తు చివరి గదిలో జూన్ నెల మొదటి గంట అంటాను.

తడి గొడుగులు గోడకు ఆనించి ఉంటాయి. డెబ్భై మంది. సగం మందికి అది ఏ సబ్జెక్టో కూడా తెలియదు. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసేవాణ్ణి. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఎక్కడ పెట్టాలి? వచ్చినదాంట్లో ఎంత పంచాలి, ఎంత ఉంచుకోవాలి? సంవత్సరమంతా ఇంతే అనేవాణ్ణి. మూడో ప్రశ్న నాలుగో యూనిట్లో వస్తుంది, దాని పేరు డివిడెండు, అప్పటిదాకా ఓపిక పట్టమనేవాణ్ణి. చేతికి అంటిన సుద్ద వాసన నాకిప్పటికీ ఒక్కోసారి అన్నం కలుపుతుంటే వస్తుంది. అది ఉండదని తెలుసు. అయినా వస్తుంది.

శనివారం పుస్తకం ముట్టనిచ్చేవాణ్ణి కాదు. నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా అందర్నీ నడిపించేవాణ్ణి. ఒక షాపు ఎదుట ఆపి, ఇది ఎవరి పైసలతో నడుస్తోంది అని అడిగేవాణ్ణి.

ఒక శనివారం మిఠాయి దుకాణం ముందు ఆగాం. లోపల తలుపంతా అద్దమున్న కొత్త ఫ్రిజ్జు.

"ఈ ఫ్రిజ్జుకు పైసలు ఎవరు పెట్టిన్రు?"

"ఓనరే సార్" అన్నారు నలుగురైదుగురు.

"బ్యాంకు లోను" అన్నాడు ముందు బెంచీవాడు. వాడు అన్నిటికీ బ్యాంకు లోనే అనేవాడు.

వెనక నుంచి ఒక సన్నటి గొంతు. "ఎవ్వరు పెట్టలే సార్. పైన కూల్‌డ్రింక్ కంపెనీ పేరుంది. వాళ్లే ఇచ్చి పోతరు, వాళ్ల సీసాలే పెట్టాలె. మా నాయన షాపు పక్కన కూడ గట్లనే ఇచ్చిన్రు."

ఆ అమ్మాయే మౌనిక. వాళ్ల నాన్న యాదగిరికి నారాయణగూడలో మ్యాచింగ్ సెంటర్. బ్లౌజు గుడ్డలు, ఫాల్స్, లైనింగులు. ఆ రోజు నేను పొంగిపోయాను. పదహారేళ్లకు ఒక్క పిల్ల దుకాణాన్ని దుకాణంలాగా చూసింది. క్లాసులో ఆ అమ్మాయి చెయ్యి ఎత్తితే ముందు తననే లేపేవాణ్ణి.

ఎనిమిది లక్షలు

నాకొక ముద్దు పాఠం ఉండేది. పోయిన డబ్బు నిర్ణయంలోకి రాకూడదన్నది. పుస్తకంలో దాన్ని సంక్ కాస్ట్ అంటారు. టికెట్టు కొన్నాం కదా అని చెత్త సినిమా చివరిదాకా చూడకు. టికెట్టు డబ్బు లేచిపోయినా, కూర్చున్నా ఒకటే. ఈ పాఠం నేను ఊగిపోతూ చెప్పేవాణ్ణి. దాని మీద ఏటా ఒక ప్రశ్న ఇచ్చేవాణ్ణి.

ఆ ఏడాది ప్రశ్నకు నా స్నేహితుడు దశరథ్‌ను వాడుకున్నాను. దశరథ్‌కు చిక్కడపల్లిలో ఒక మలిగిలో, అంటే కిరాయి దుకాణం గదిలో, చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్లి పత్రికలు తగ్గిపోయి గిరాకీ పడిపోయింది. కొత్త మిషన్ కొని నడపాలా, ప్రెస్సు మూసెయ్యాలా అని కొట్టుమిట్టాడుతున్నాడు. నేను పేర్లు మార్చి, మిషన్ ధర, వచ్చే ఆదాయం ఇచ్చి, ఒక ఉచ్చు పెట్టాను. 'పదేళ్ల కింద ఆయన మలిగికి ఎనిమిది లక్షలు పగడీ కట్టాడు. ఏ అంకెలు లెక్కలోకి తీసుకుంటావు? ఏవి వదిలేస్తావు?'

ఉచ్చు ఎనిమిది లక్షలు. పగడీ అంటే నెల కిరాయి కాక, దుకాణంలో దిగేటప్పుడు ఒకేసారి కట్టే సొమ్ము. పదేళ్ల కింద పోయిన సొమ్ము, వదిలెయ్యాలి. వదిలేస్తే మిషన్ కొనమని జవాబు వస్తుంది. క్లాసంతా వదిలేశారు. అందరికీ మంచి మార్కులు.

మౌనిక కూడా ఎనిమిది లక్షలు కొట్టేసింది. కానీ దాని పక్కన 'ఇప్పటి పగడీ పదిహేను లక్షలు' అని రాసి, దాన్ని లెక్కలోకి తెచ్చింది. చివర, మిషన్ కొనొద్దు, మూసెయ్యాలి అని తేల్చింది. నేను ఎర్ర ఇంకుతో రాశాను. 'ఇవ్వని అంకె ఎక్కడిది? పగడీ సంక్ కాస్ట్. క్లాసులో నిద్రా?' పదిహేనుకు మూడు. కింద డాక్టర్ గారి పొట్టి సంతకం.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. క్లాసు ఇంకా లేవలేదు.

"సార్, పగడీ పోయిన పైసలు కాదు సార్."

"పదేళ్ల కింద ఇచ్చింది ఇంకా ఆయన జేబులనే ఉందా?"

"జేబుల లేదు సార్, మలిగిల ఉంది. ఆయన ఖాళీ చేస్తే కొత్తగ వచ్చెటాయన ఇస్తడు. ఓనర్ కొంత పట్టుకొని మిగిలింది ఈయనకే వస్తది. మా నాయన కూడ..."

"మీ నాయన షాపు వచ్చి పరీక్ష రాస్తదా?"

క్లాసు గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి పేపరు నా బల్ల మీదే పెట్టి వెళ్లిపోయింది. అందుకే అది నా దగ్గర మిగిలింది.

ఎందుకు అలా అన్నానో చెబుతాను. డిగ్రీ ఉన్నవాణ్ణి విద్యార్థి సరిదిద్దితే వాడు 'చూసి చెప్తా' అనగలడు. డిగ్రీ లేనివాడికి ఆ ధైర్యం ఉండదు. ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే పదహారేళ్లూ తప్పే చెప్పాడంటారని భయం. ఆ భయం నాలో ఎగతాళిగా బయటికి వచ్చేది. పిల్లలు దాన్ని చమత్కారం అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మూడు వారాలకు దశరథ్ ప్రెస్సు దగ్గరికి పోతే మిషన్ లారీ ఎక్కుతోంది.

"అమ్మేసినవా?"

"మిషన్ పాత సామాన్ల కింద పోయింది. మలిగి మాత్రం మంచిగ పోయింది. మొబైల్ షాపాయన పగడీ పదిహేడు ఇచ్చిండు. ఓనర్‌కు ఇచ్చింది పోను మిగిలింది బిడ్డ పేరు మీద ఫిక్స్‌డ్ వేసిన. మిషన్ కొంటే మునుగుతుంటి."

నేను లారీ పక్కన నిలబడిపోయాను. పుట్టింది మొదలు కిరాయి ఇళ్లల్లో ఉన్నవాణ్ణి. మలిగి ఎన్నడూ పట్టలేదు. వీధిని చూడమని పిల్లలకు చెప్పే నాకు, పగడీ చేతులు మారుతుందని తెలియదు. ఆ లెక్కలో పాత ఎనిమిది లక్షలు పోయినవే. కానీ ఇవాళ ఖాళీ చేస్తే వచ్చేది పోయింది కాదు, వదులుకుంటున్నది. పుస్తకంలో దానికి ఇంకో పేరు ఉంది, ఆపర్చునిటీ కాస్ట్, రెండు పేజీల అవతలే. అది నాకు కంఠతా వచ్చు. మౌనిక పాత అంకె కొట్టేసి కొత్త అంకె పెట్టడంలో రెండు పాఠాలూ ఉన్నాయి. నేను ఒకటే చూశాను.

"ఏందో పరేషాన్ల ఉన్నట్టున్నవ్?" అన్నాడు దశరథ్.

"నువ్వు పాసైనవ్. నేను ఫెయిలైన" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

ఎక్కని బస్సు

అక్కడి నుంచి నేరుగా కరస్పాండెంట్ గారి గదికి వెళ్లాను.

"మార్కులు మార్చాలి సార్. ఒక అమ్మాయికి తక్కువ వేశాను."

"యూనివర్సిటీకి పంపేశామండీ. ఇప్పుడు మార్చాలంటే సబ్జెక్టు లెక్చరర్ స్వయంగా ఉత్తరం రాసి, వెళ్లి సంతకం పెట్టాలి."

"నేను పోతాను."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వెళ్లండి మాస్టారూ. అక్కడ మీరెవరని చెప్తారు?"

అదొక్కటే అడిగారు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. డాక్టర్ గారికి ఫోన్ చేయమన్నాను. వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉంది, ఈ సమయంలో ఆయన పేరు మీద తప్పు దిద్దుబాటు ఉత్తరం వెళ్తే ఫైలు తెరుస్తారన్నారు.

మర్నాడు యూనివర్సిటీ బస్సు కోసం నారాయణగూడ స్టాపులో నిలబడ్డాను. మౌనిక పేపరు చొక్కా జేబులో ఉంది. బస్సు వచ్చింది. కండక్టరు "ఎక్కుతరా సార్?" అని అడిగాడు. నేను ఎక్కలేదు. ఆ తర్వాత ఇంకో రెండు వచ్చాయి. అవీ ఎక్కలేదు. పాఠం గంటకు కాలేజీకి నడిచి వెళ్లి యథాప్రకారం క్లాసు చెప్పాను. మౌనిక మూడో బెంచీలో కూర్చుని రాసుకుంది. 'నువ్వు రాసింది కరెక్టు' అని క్లాసులోనైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెబితే మార్కులు ఎందుకు మార్చలేదని అడుగుతారు.

వ్యవస్థ దొంగది అని ఇంతదాకా రాశాను. అది నిజం. కానీ ఆ బస్సు ఎక్కకుండా నన్ను వ్యవస్థ పట్టుకోలేదు. నా కాళ్లే ఆగాయి.

ఆ సెమిస్టరులో మౌనికకు అరవై శాతానికి రెండు మార్కులు తక్కువ వచ్చాయి. కాలేజీకి ఉద్యోగాలివ్వడానికి వచ్చిన కంపెనీ అరవై ఉన్నవాళ్లనే పరీక్షకు కూర్చోనిచ్చింది. ఆ రోజు కారిడారులో వరుస కట్టిన పిల్లల్లో ఆ అమ్మాయి లేదు. అంతకుముందే ఇన్‌స్పెక్షన్ రావడం, నేను హోటల్లో కూర్చోవడం, అన్నీ మామూలుగా జరిగిపోయాయి.

ఆ తర్వాత మరో ఆరేళ్లు చెప్పాను. పగడీ ప్రశ్న మళ్లీ ఇవ్వలేదు.

బిట్లు

రెండేళ్ల కింద కాలేజీ మూతపడింది. వీడ్కోలు సభ లేదు. పెడితే బ్యానరు మీద ఎవరి పేరు రాయాలో వాళ్లకూ తెలియదు.

ఇప్పుడు అశోక్ నగర్‌లో సాయంత్రం నడకకు పోతే జిరాక్సు షాపుల్లో మా సబ్జెక్టు నలభై పేజీల పుస్తకంగా దొరుకుతోంది. అన్నీ బిట్లు. 'సంక్ కాస్ట్ అంటే: ఎ, బి, సి, డి.' ఒక కుర్రవాడు కొంటుంటే ఆపుకోలేక అడిగాను.

"బాబూ, ఇందులో 'ఎందుకు' అని ఎక్కడైనా ఉందా?"

"ఎందుకు అడగరు సార్ పరీక్షల. ఏది అనే అడుగుతరు" అన్నాడు. తెలివైన జవాబే. నాకు ఆ పూట కోపం తగ్గలేదు.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి పాత అట్టపెట్టె తెరిచాను. ఆ కాగితం అందులో ఉంది. ఎర్ర ఇంకు గులాబీ రంగుకు దిగింది. 'క్లాసులో నిద్రా?' మాత్రం స్పష్టంగానే ఉంది.

మ్యాచింగ్ సెంటర్

దాన్ని తీసుకుని యాదగిరి షాపు కోసం నారాయణగూడ వెళ్లాను. నిజానికి అంతకుముందు కూడా రెండు మూడు సార్లు ఆ వైపు వెళ్లి, ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి, షాపులో ఆయన గుడ్డ చింపడం చూసి, వెనక్కి వచ్చేశాను. ఈసారి రోడ్డు దాటాను. అక్కడ జ్యూస్ సెంటర్ ఉంది. మ్యాచింగ్ సెంటర్ దోమలగూడకు మారిందన్నారు.

దోమలగూడలో యాదగిరి ఒక చీర అంచు పక్కన గుడ్డముక్క పెట్టి వెలుతురులో చూస్తున్నాడు. నేను ఎవరో చెప్పాను. ఆయన గుడ్డ కింద పెట్టాడు.

"మీరేనా పగడీ సార్?"

"పగడీ సారా?"

"మా ఇంట్ల మీ పేరు అదే. పిల్ల ఆ దినం ఇంటికొచ్చి ఏడ్చింది. నేనే నవ్విన. సారుకు మలిగి లేనట్టుంది బిడ్డా, ఆయనకేం తెలుస్తది అన్న. కూసోండి సార్."

స్టూలు మీద కూర్చున్నాను. కాగితం కౌంటరు మీద పెట్టి, చెప్పాల్సింది చెప్పాను. లారీ, కరస్పాండెంట్, బస్సు, అన్నీ. అయిపోయాక యాదగిరి, "ఇది నాకు కాదు సార్ చెప్పాల్సింది" అని ఫోన్ తీసి కూతురికి కలిపి, స్పీకర్ పెట్టి, కాగితం పక్కన ఉంచాడు.

"మౌనికా, మీ పగడీ సార్ వచ్చిండు."

అటువైపు ఆ సన్నటి గొంతే. "నమస్తే సార్. బాగున్నరా?"

"నువ్వు రాసింది కరెక్టమ్మా. నేను తప్పు వేసిన. అది నాకు మూడు వారాలకే తెలిసింది. అయినా సరిచేయలే."

"మూడు వారాలకే తెలుసా?" అంది. ఆ ఒక్కమాటలో నొప్పి తగిలింది. తగలాలి కూడా. "కంపెనీ పరీక్షకు రెండే మార్కులు సార్. రెండేండ్లు ఇంట్ల కూసున్న."

ఏం చెప్పినా సాకే.

"ఇప్పుడేం చేస్తున్నవమ్మా?"

"ఇన్సూరెన్స్ ఆఫీసుల క్లెయిములు చూస్త. మీరు చెప్పిన ఫార్ములా ఒక్కటి కూడ పనికి రాలే సార్."

యాదగిరి నవ్వు ఆపుకున్నాడు. అప్పుడు ఆ అమ్మాయే అడిగింది. "సార్, ఇన్‌స్పెక్షన్ దినం మీరు ఎదురుంగ హోటల్ల కూసునేటోళ్లు గద?"

"మీకు తెలుసా?"

"కిటికీల నుంచి కనపడేటోళ్లు. క్లాసు అందరికీ తెలుసు. ఆ ఏడు ఒక మేడం మా క్లాసుకొచ్చి, మీకు ఫైనాన్స్ చెప్పేది ఎవరని నన్నే లేపి అడిగింది. నేను డాక్టర్ గారి పేరు చెప్పిన."

అంటే పేపరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయిన తర్వాత. నిజం చెబితే నా పని అక్కడితో అయిపోయేది. ఆ అమ్మాయికి మంచి అవకాశం, న్యాయమైనది కూడా.

"ఎందుకమ్మా?"

"మీరు పోతే నాలుగో యూనిట్ ఎవరు చెప్తరు సార్? డివిడెండ్లు ఇంక మొదలే పెట్టకపోతిరి."

నేను తల దించుకున్నాను. కౌంటరు మీద రంగురంగుల గుడ్డముక్కలు. ఒకావిడ వచ్చి ఆకుపచ్చ లైనింగు అడిగితే, యాదగిరి జర ఆగమని సైగ చేశాడు.

"సరే సార్, మరి ఇప్పుడు ఎన్ని వేస్తున్నరు?" అంది మౌనిక.

యాదగిరి ఇచ్చిన పెన్నుతో మూడు కొట్టేశాను. జవాబు మళ్లీ మొదటి నుంచి చదివాను. "పద్నాలుగు."

"ఒకటి ఎక్కడ పోయింది?"

"పదిహేను లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందో రాయలే నువ్వు."

"మా నాయనను అడిగి రాసిన సార్."

"అదే రాయాలి. ఎవరిని అడిగినవో వాళ్ల పేరు రాయాలి."

"న్యాయమే" అంది, నవ్వుతోందో లేదో తెలియలేదు. "నాయనా, ఫోటో తీసి పంపు జర."

యాదగిరి ఫోటో తీసి పంపాడు. రెండు నిమిషాలు పట్టింది. ఆకుపచ్చ లైనింగు ఆవిడ కూడా వంగి చూస్తోంది.

"సార్, మార్కులు మంచిగనే ఉన్నయి. కింద సంతకం డాక్టర్ గారిది ఉంది. ఆయన దిద్దలే గద?"

పెన్ను మళ్లీ తీసుకున్నాను. పొట్టి సంతకం మీద గీత పెట్టాను. చేతికి అలవాటైన ఆ వంపు మళ్లీ రాబోతే ఒక క్షణం ఆగి, కింద ఖాళీలో నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, తెలుగులో రాశాను. గుండేటి సత్యనారాయణ. ఇరవై రెండేళ్ల పనికి ఆ పేరున్న కాగితం అదొక్కటే. దాన్ని యాదగిరి తన గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు.